సంజెతోపులో నేలమనిషి

నీలకూట రాజ్యానికి పడమటి అంచున, చుట్టూ నిటారుగా లేచిన ఎర్రరాతి కొండల నడుమ, మాంత్రికుడు భస్మకంఠుడి సంజెతోపు ఉంది. ఆ తోపు అందం చెప్పమంటే ఎవరైనా చెప్తారు. మాను ఒక్కొక్కటి కోట బురుజంత లావు. బెరడు వెండిపూత పూసినట్టు మెరుస్తుంది. ఎక్కడో మబ్బుల దగ్గర మొవ్వ విచ్చుకుంటుంది, ఆ మొవ్వ చుట్టూ పగడాల గుత్తుల్లా కాయలు. పొద్దు వాలేవేళకు ఆ కాయల్లోంచి తేనెరంగు వెలుగు చిమ్ముతుంది. గాలి వీస్తే లోయంతా పన్నీరూ పచ్చకర్పూరమూ కలిపి చల్లిన వాసన. నీలకూట మహారాజు రోజుకో సంజెపండు తిని, మనవల్ని ఎత్తిన వయసులో కూడా కొత్త పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. ఆ పండు మీద పద్యాలు చెప్పినవాళ్ళకు ఆస్థానంలో కంకణాలు తొడిగారు. ఆ పండు కోసే చేతుల గురించి మాత్రం ఒక్కడూ నోరు మెదపలేదు. మెదపడానికి ఆ నోట్లో పండుంది మరి.

ఆ రోజు పొద్దు ఇంకా బారెడుండగా తోపు వాకిట్లోకి ఓ కోతులాడించేవాడు, వాడి వెనక ఓ ఆడమనిషి వచ్చి నిలబడ్డారు. వాడి మొహాన మసి, తలకు చిరుగుల పాగా, భుజాన డప్పు, ఎడమచేతికి చుట్టుకున్న తాడు కొసన ఓ పిల్లకోతి. మసి కడిగితే వాడు కాంచనద్వీపం చిన్న రాకుమారుడు చిత్రధ్వజుడు. అతని అన్న రత్నధ్వజుడు కిందటి వేసవిలో సైన్యంతో సహా ఈ లోయలోకి దిగి మళ్ళీ కనిపించలేదు. భస్మకంఠుడు వాళ్ళందర్నీ కోతుల్ని చేసి తోపులో పండ్లు కోయిస్తున్నాడని దారిపొడుగునా జనం చెప్పారు. మాయ విడిపించే తీర్థం ఒక ముని దగ్గర సంపాదించి, చిన్న సీసాలో పోసి, పాగాలో దాచుకుని వచ్చాడు రాకుమారుడు.

వెనకున్న ఆడమనిషి నాంచారి. తోపు అవతలి గూడెంలో, తరతరాలుగా సంజెమానులెక్కి బతికినవాళ్ళ ఇంట పుట్టింది. తోపులో ప్రతి వేరూ ఆమెకు తెలుసు గనక దారి చూపడానికి ఒప్పుకుంది. బహుమానం ఇస్తానంటే వద్దంది. ఆ తోపు మీద ఆమెకు చెప్పలేనంత కోపం ఉంది, ఆ కోపానికి ఒక కత్తి తోడు దొరికిందని వచ్చింది.

కావలివాడు అడ్డొచ్చి పిల్లకోతి పై పెదవి ఎత్తి చూశాడు.

“అమ్మకానికా? కోరలు గట్టిగానే ఉన్నాయి. ఫర్వాలేదు, లోపల రాయి పెట్టి రాలగొడతారు. కాయ కొరక్కుండా ఉంటుంది.”

రాకుమారుడు పళ్ళికిలించి నవ్వు నటించాడు. నాంచారి నటించలేకపోయింది. కావలివాడి కాళ్ళకేసి చూస్తూ గబగబా లోపలికి నడిచింది.

లోపల ఒక్కో మానుకు ఒక్కో కోతి. మెడకు తోలు పట్టా, పట్టాకు మానంత పొడుగు తాడు, మూతికి చిక్కం. నూర్పిళ్ళలో ఎద్దు మూతికి కట్టిన చిక్కాన్ని సాయంత్రానికల్లా రైతు విప్పేస్తాడు, విప్పి వీపు నిమురుతాడు. వీటికి విప్పే నాథుడు లేడు. పూటకోసారి గంజితొట్టిలో మూతి ముంచితే చిక్కం సందుల్లోంచి పీల్చుకోవాలి. కొన్నిటి మూతుల మీద కాల్చిన మచ్చలు. పైన ఆకాశంలో భస్మకంఠుడి డేగలు గిరికీలు కొడుతున్నాయి, చేయి ఆగిన కోతిని పొడవడానికి. నీలకూట నగరంలో మాత్రం పండు తింటూ జనం చెప్పుకునే మాట వేరు. కోతికి చెట్టెక్కడం పుట్టుకతో వచ్చిన ఆటే కదా, ఆడుకుంటూ మనకో కాయ విసిరితే దాని సొమ్మేం పోయింది అంటారు. మెడకు తాడు కట్టి ఆడించేదాన్ని ఆట అనడం మనుషులకే చేతనవుతుంది.

“నరుకుతాను,” అన్నాడు రాకుమారుడు పళ్ళు కొరుకుతూ. “ఆ భస్మకంఠుడి తల ఈ తోపులోనే నరుకుతాను. మా సైనికులకి ఈ గతి పట్టించిన వాణ్ణి...”

ఇద్దరూ తోపు నడిమికి వచ్చేసరికి ఒక పెద్ద మాను మీదనుంచి చప్పుడు వినిపించింది. అరచేత్తో బెరడు మీద గట్టిగా ఒక్క చరుపు. కాస్త ఆగి మళ్ళీ ఒకటి. రాకుమారుడి మొహం వెలిగింది.

“విన్నావా నాంచారీ? సంకేతం. జంతువు ఇంత పద్ధతిగా చరుస్తుందా? పైనున్నవాడు మనిషే.”

“మనిషి గాదు దొరా. అది మా పిలుపు. మీకు తెలవదు.”

ఆమె చెప్పింది ఇది. మానెక్కినవాడు దిగే ముందు అరచేత్తో మాను మీద చరుస్తాడు. కింద నిలబడ్డవాడు మాను మొదలు మీద చరిచి జవాబిస్తాడు. ఆ జవాబు కర్రలోంచి పాకి పైవాడి పొట్టకు తగులుతుంది. అది తగిలేదాకా పైవాడు దిగడు. మానుకు కరుచుకుని దిగేవాడికి కింద పాముందో, ఏనుగుందో, వాగు పొంగిందో కనిపించదు. అందుకని కింద ఒకడుండాలి. వాడి పేరు నేలమనిషి. ఎక్కినవాడి పాదం మట్టికి తగిలేదాకా నేలమనిషి కదలకూడదు, వాన రానీ, రాజు రానీ. గూడెంలో ఒకణ్ణి తిట్టాలంటే నేల వదిలినోడా అంటారు. అంతకు మించిన తిట్టు లేదు.

“మరి కోతికెలా వచ్చింది?”

“మా పెద్దలే నేర్పారు,” అంది నాంచారి. “మానెక్కి పడి చచ్చినోళ్ళు మాలో ఇంటికొకరు. మా నాయన పోతడు గూడా అట్టాగే పోయాడు, తడిమాను మీంచి. ఆ భస్మకంఠుడు కాషాయం కట్టుకొచ్చి, ఇంక మీరెక్కనక్కర్లేదు, కోతులు కోస్తాయన్నాడు. మావోళ్ళు వాడి కాళ్ళకి దణ్ణం పెట్టారు. పెట్టి ఊరుకున్నారా? నోరులేని జీవాలు గదా, వాటికీ కింద ఒకడుండాలి గదా అని జాలిపడి ఈ పిలుపు నేర్పారు. వాడు బాగా నేర్చుకున్నాడు. ఇప్పుడు కోతి చరుస్తది, వాడు పలకడు. గంపలు నిండేదాకా పలకడు. ఎండకి నాలుక పిడచగట్టినా, డేగలు పొడిచినా అది అట్టా అడగతానే ఉంటది గానీ దిగదు. పడకుండా కాపాడే పిలుపుతో వాటిని చెట్టుకి కట్టేశాడు దొరా. ఆ పైనదాని తాడు చూడండి, మొవ్వలో చిక్కుకుంది. జవాబొచ్చినా అది దిగలేదు. ఎప్పుడి నుంచి అడగతందో.”

రాకుమారుడికి ఇవేవీ పూర్తిగా చెవికెక్కలేదు. మాను మొదట్లో ఒక ముసలికోతిని వేరుకు కట్టేసి ఉంచారు, రాలిన కాయలు ఏరడానికి. దానికి పళ్ళు లేవు గనక చిక్కం కూడా దండగనుకున్నారు కాబోలు. అతను పాగాలోంచి సీసా తీసి, మంత్రం చదివి, దాని నెత్తి మీద తీర్థం చిలకరించాడు. మెరుపు మెరవలేదు, పొగ లేవలేదు. ముసలికోతి ఉలిక్కిపడి, చెంపల మీదుగా జారిన నీళ్ళను ఆబగా నాకింది. వేళ్ళు నాకింది, వేరు మీద తడి నాకింది, ఇంకా ఉన్నాయేమోనని అతని చెయ్యి పట్టుకుంది.

రాకుమారుడు చెయ్యి విడిపించుకుని గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

“అమ్మయ్య. ఇవి మనుషులు కావు నాంచారీ, ఉత్త కోతులు. ఊరికే కుమిలిపోయాను. పద, అన్నయ్య మరెక్కడో ఉన్నాడు. వెతుకుదాం.”

నాంచారి కదల్లేదు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇందాక తల నరుకుతానన్నది ఎవరు దొరా?”

“మనుషులనుకుని అన్నాను.”

“ఓహో. మనిషైతే తల నరకాల్సిన పాపం, కోతైతే పద పోదాం. అంతేగా? కాలిన మూతి అదే. రాలగొట్టిన పళ్ళు అయ్యే. నీళ్ళు చల్లి చూసి, మనిషి గాదని తేలంగానే నీ కోపం ఎటు బోయింది?” అంతదాకా మీరన్న నోరు నువ్వనేసింది, ఆమె దిద్దుకోలేదు. “దాహమై నీ చెయ్యి పట్టుకుంటే దులుపుకున్నావు. మరి ఆ ఎడమచేతిలో ఏముంది?”

రాకుమారుడు చూసుకున్నాడు. తాడు. వచ్చేప్పుడు కంగారులో చేతికి చుట్లు బిగించుకుంటూ పోయాడు. పిల్లకోతి మునివేళ్ళ మీద నిలబడి గుటకలు మింగుతోంది.

“ఇది... ఇది వేషం కోసం.”

“దాని మెడకి తెలవదుగా అది వేషమని.”

అతను తాడు వదులు చేస్తుండగా కాళ్ళ కింద నేల మూలిగింది. ముసలికోతి నాకగా మిగిలిన తీర్థం వేరులోకి ఇంకింది. ఇంకిన మేర వెండిబెరడు పాము కుబుసంలా ఊడి, లోపలినుంచి మనిషి మోచెయ్యి బయటపడింది. ఆ చేతికి కాంచనద్వీపం రాజవంశపు సింహకంకణం. బెరడు మడతల మధ్య ఎవరో చాలా లోతునుంచి, “చిన్నా” అన్నారు.

కోతులు కోతులే. తోపులోని పాత మానుల నడుమ సైన్యం కూడా మానులై నిలబడింది. ఏడాదిగా నీలకూట మహారాజు రోజూ చప్పరించే తీపి, కాంచనద్వీపం వీరుల రక్తం.

“అన్నయ్యా.” రాకుమారుడు మోకాళ్ళ మీద పడి సీసా వంచబోయాడు. నాంచారి అతని మణికట్టు ఒడిసిపట్టింది.

“ఆగు. మాను మనిషైతే పైనున్నది ఏమవుద్ది?”

అతను తలెత్తి చూశాడు. మబ్బుల్లో పిడికెడంత నల్లటి బొమ్మ. చరుపు మళ్ళీ వినిపించింది, ఈసారి నీరసంగా.

“అది కోతి,” అన్నాడు అతను. “ఇది నా అన్న. నన్ను ఎత్తుకుని పెంచినవాడు. వదులు.”

“మా నాయన పడ్డప్పుడు నేను పక్కనే ఉన్నా. ఆ చప్పుడు నాకు తెలుసు. ఇంకోసారి వినను. మీ అన్న ఏడాదిగా నిలబడే ఉన్నాడు, ఇంకాసేపు నిలబడతాడు. నేనెక్కి దాన్ని దింపుతా. నువ్వు నేలమనిషివి.”

కొండల మీద కొమ్ము ఊదారు. భస్మకంఠుడు కోతకు వస్తున్నాడన్న గుర్తు అది. నాంచారి నడుముకు చుట్టుకున్న మోకు విప్పి మాను చుట్టూ వేసింది. చాలా ఏళ్ళుగా గూడెంలో ఎవరూ ఆ తాడు బిగించి ఎక్కింది లేదు. ఒట్టు వేయించుకోలేదు, అలాంటి అలవాటు వాళ్ళకు లేదు. అతని చేతిలోని సీసా తిరిగి పాగాలో దోపి, కుడిచెయ్యి లాగి మాను మొదట్లో ఆన్చింది, అంతే. తర్వాత పాదం బెరడుకు తన్నిపెట్టి, మోకు పైకి విసురుతూ ఎగబాకింది.

ఎక్కుతున్నది మనిషి మీదని ఇప్పుడు తెలుసు. వెండిబెరడు కింద ఒకచోట పక్కటెముకల వరస తగిలింది. ఒకచోట భుజం. “తప్పు సామీ, కాలు తగలతంది,” అని గొణుక్కుంటూనే ఆ భుజం మీద కాలు మోపి పైకి లేచింది. లోయ గిన్నెలా చిన్నదైంది. డేగ ఒకటి రెక్కలు ముడిచి రాయిలా దిగి ఆమె నెత్తి గీరుకుపోయింది. రెండోది మొహానికి వస్తుంటే నాంచారి మోకు మీదికి వెనక్కి వాలి, నడుముకున్న కత్తి ఆడించింది. ఈకలు ఎగిరాయి. మూడోది దగ్గరికి రాలేదు. కంట్లోకి రక్తం కారుతుంటే భుజానికి తుడుచుకుని, పక్షుల్ని కూడా కావలికి పెట్టుకున్నవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ మొవ్వ అందుకుంది.

అది ఆడకోతి. తాడు మొవ్వ చుట్టూ పెనవేసుకుని మెడ పట్టాను బిగించేసింది. చుట్టూ దీపాల్లా వెలిగే పండ్లు, మధ్యలో చిక్కం బిగించిన మూతి. చెయ్యి మాత్రం ఇంకా మాను మీదే ఉంది, చరచడానికి. నాంచారి ముందు పట్టా కోసింది, తర్వాత చిక్కం కోసింది. చిక్కం ఊడగానే అది ఆమె ముంజేతిని కసుక్కున కరిచింది. మనిషి చెయ్యంటే దానికి తెలిసింది అదే మరి.

“కరిచెయ్,” అంది నాంచారి. “కరిచి తీరాల్సిందే. ఇంకా కరిచెయ్.”

అది కరవలేదు. వగర్చుకుంటూ ఒక పండు తెంపి, ఆమె వంక ఓరగా చూస్తూ నమిలింది. తర్వాత ఆమె వీపు మీదికి ఎక్కి మెడ చుట్టూ చేతులు బిగించింది. నాంచారి అరచెయ్యి ఎత్తి మాను మీద చరిచింది.

జవాబు రాలేదు.

జవాబుకు బదులు భస్మకంఠుడి గొంతు లేచింది. మంత్రబలం ఉన్న గొంతు కాబట్టి లోయంతా మోగింది.

“పొయ్యవయ్యా రాకుమారా, ఆలస్యమెందుకు? నేను అడ్డురాను. నీ అన్న నీకు, నా తోపు నాకు. ఇద్దరూ గుర్రమెక్కి వెళ్ళిపోండి. పైన ఉన్నది ఎవరని? ఒక కూలిమనిషి, ఒక కోతి. పొద్దు కొండ దాటేలోగా పోశావా, సరే. లేదా, నా దండం ఎత్తి ఆ నీళ్ళు నీ నెత్తిమీదే ఆవిరి చేస్తాను.”

తడి అంటకుండా చేపలు పట్టాలని చూసే రకం వాడు. రాకుమారుడి చేత్తోనే ఆ రెండు ప్రాణాలు తీయించి, ఆ చేత్తోనే తనకు దణ్ణం పెట్టించుకుందామని వాడి ఎత్తు.

“నాంచారీ,” అని పైకి పిలిచాడు వాడు, ఎంతో నొచ్చుకున్నవాడిలా. “మీ నాయన పడి చచ్చాడు గదే. నా కోతులొచ్చాక మీ గూడెంలో ఒక్కడు పడ్డాడా? ఒక్క ఆడది తాళి తెంచుకుందా? నీకు నా మీద కోపమెందుకే?”

నాంచారి గొంతు పగిలేలా అరిచింది. “పడతానే ఉన్నారు. నువ్వు చూడనోళ్ళు పడతన్నారు. మేం పడినా కింద ఒక మనిషుండి ఏడ్చేవాడు. దీనికెవడున్నాడురా?”

లోయలో ఆ మాట తిరిగి తిరిగి మోగి ఆగింది. ఆమె మళ్ళీ చరిచింది. జవాబు లేదు. పొద్దు అంచు కొండకు తాకింది. పండ్లు ఒక్కసారి దేదీప్యమానంగా వెలిగాయి, ఆ వెలుగులో నాంచారికి తన చేతి నెత్తురు నల్లగా కనిపించింది. మాను నరనరాన వణుకుతోంది. తీర్థం పడిందా? మాను మనిషవుతోందా? నేల వదిలినోడా, అని పళ్ళ సందున అనుకుంది. రాజు కొడుకువి, నీకు నేలంటే ఏం తెలుసు, నీ పాదం ఎప్పుడైనా మట్టికి తగిలిందా. అలా తిట్టుకుంటూనే మూడోసారి చెయ్యెత్తింది. ఆమె చెయ్యి దిగేలోపే వీపు మీది కోతి తన చెయ్యి చాచి మాను మీద గట్టిగా చరిచింది.

ఈసారి పొట్టకు తగిలింది.

అది గూడెంవాళ్ళ చరుపు కాదు. అడ్డదిడ్డంగా, మెత్తని చేత్తో, ఎంత గట్టిగా కొట్టాలో తెలియక ఒంట్లో బలమంతా పెట్టి కొట్టిన దెబ్బ. వెంటనే ఇంకొకటి, ఇంకొకటి. ఒకటి చాలని కూడా అతనికి తెలియదు.

నాంచారి మోకు మీద వాలి కిందికి చూసింది. రాకుమారుడు రెండు చేతులూ మానుకే ఆన్చి నిలబడ్డాడు. ఎడమచేతికి తాడు లేదు. పిల్లకోతి పట్టా లేని మెడతో అతని భుజం మీద కూర్చుంది. ఎదురుగా భస్మకంఠుడు దండం ఎత్తి నిప్పులు కక్కుతున్నాడు, కావలివాళ్ళు ఈటెలతో చుట్టుముడుతున్నారు. సీసా రాకుమారుడి పాగాలోనే ఉంది. పాగాలోంచి తెల్లటి ఆవిరి తోకలా లేస్తోంది. వేడికి అతని నుదురు బొబ్బలెక్కుతున్నట్టుంది, అయినా తల కూడా తిప్పకుండా పైకే చూస్తున్నాడు. చుట్టుపక్కల మానుల మీద కోతులన్నీ ఒక్కటొక్కటిగా చరచడం మొదలుపెట్టాయి.

సీసాలో ఎన్ని చుక్కలు మిగిలాయో దేవుడికే ఎరుక. నాంచారి కోతి చేతుల్ని మెడకు బిగించుకుని, మోకు వదులు చేసి, తన గూడెంలో ఎవరూ ఎన్నడూ దిగనంత వేగంగా జారడం మొదలుపెట్టింది.